పేజీ బ్రేక్: పత్రాల ఫార్మాట్ మార్పిడిలో పేజీ విరుపులు

నిర్వచనం, పరిధి

పత్రంలో ఒక పేజీ ముగిసి మరో పేజీ మొదలయ్యే చోటును పేజీ బ్రేక్ అంటారు. పత్రాన్ని ఒక ఫైల్ ఫార్మాట్ నుంచి మరొకదానికి మార్చేటప్పుడు ఇలాంటి చోట్లను గుర్తించాలి, ఉంచవలసినవి ఉంచాలి, తీసేయవలసినవి తీసేయాలి, ఉంచినవాటిని కొత్త ఫార్మాట్ పద్ధతిలో తిరిగి రాయాలి. వర్డ్ ఫైల్‌ను పీడీఎఫ్ చేసినా, పీడీఎఫ్‌ను మళ్లీ వర్డ్‌లోకి తెచ్చినా, లేటెక్ రాతప్రతిని ఈ-పుస్తకంగా మలిచినా, స్కాన్ చేసిన పాత గ్రంథాన్ని పాఠంగా ఎక్కించినా ఈ పని తప్పదు.

పని చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ పేజీ మారడానికి కారణాలు మూడు రకాలు. కొత్త అధ్యాయం కొత్త పేజీలోనే మొదలవ్వాలని రచయిత కోరి ఉండవచ్చు. కాగితంలో చోటు అయిపోయి ఉండవచ్చు. లేదా అచ్చుప్రతిలో ఫలానా పేజీ ఇక్కడ మొదలైందని సంపాదకుడు గుర్తు పెట్టి ఉండవచ్చు. ఈ మూడింటినీ కలగలిపేసిన మార్పిడి నుంచే ఖాళీ పేజీలు, సగంలో తెగిన పేరాలు, వాక్యం మధ్యలో దూరిన పేజీ నంబర్లు పుడతాయి. మార్పిడి సరిగా జరగాలంటే విరుపు ఎక్కడ పడిందో తెలిస్తే చాలదు, ఎందుకు పడిందో తెలియాలి.

విరుపు రకాలు

రచయిత స్వయంగా పెట్టినది హార్డ్ పేజీ బ్రేక్. వర్డ్‌లో కంట్రోల్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే వచ్చేది ఇదే. తర్వాత ఫాంట్ మారినా, కాగితం కొలత మారినా ఆ చోట పేజీ మారి తీరుతుంది. సాఫ్ట్ పేజీ బ్రేక్ పత్రంలో ఎవరూ రాసినది కాదు. ఫాంట్, అంచులు, వరసల మధ్య ఎడం, కాగితం పొడవు లెక్కవేసి ప్రోగ్రామ్ అప్పటికప్పుడు తేల్చేది. పైన రెండు వరసలు చేర్చితే అది కిందికి జరుగుతుంది. వర్డ్‌పర్ఫెక్ట్ అనే వర్డ్ ప్రాసెసర్‌లో దాగిన కోడ్‌లను తెరపై చూపే సదుపాయం ఉండేది. అందులో ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులు కనిపించేవి.

మూడోది ఆధార పేజీ గుర్తు. ఇది పేజీని మార్చదు. మూల పుస్తకంలో 47వ పేజీ ఇక్కడ మొదలవుతుందని మాత్రమే చెబుతుంది (చూ. ఆధార పేజీలు, అందుబాటు).

వీటితోపాటు విరుపు ఎక్కడ పడకూడదో చెప్పే నియమాలు ఉన్నాయి. శీర్షికను దాని కింది పేరా నుంచి విడదీయకూడదు, ఒక పేరాను రెండు పేజీలకు పంచకూడదు, పట్టికలో ఒక అడ్డువరస మధ్యలో తెగకూడదు అన్నవి ఇలాంటివి. పేరా మొదటి వరస ఒక్కటే పేజీ అడుగున మిగిలిపోతే దాన్ని ఆర్ఫన్ అని, చివరి వరస ఒక్కటే తర్వాతి పేజీ నెత్తిన పడితే విడో అని అంటారు. ఈ రెండూ రాకుండా చూసే అమరిక దాదాపు అన్ని వర్డ్ ప్రాసెసర్లలో ఉంది. మార్పిడిలో అందరూ హార్డ్ బ్రేక్‌ను వెతుకుతారు గానీ ఈ నియమాలు పోయినా పత్రం అంతే చెడుతుంది. ఆ నష్టం వెంటనే కంటికి కనిపించదు కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం.

చరిత్ర

కంప్యూటర్‌లో పేజీ విరుపు మొదట ప్రింటర్‌కు ఇచ్చే ఆదేశం. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 12వ సంఖ్యను ఫార్మ్ ఫీడ్ అనే నియంత్రణ అక్షరానికి కేటాయించారు. మడతలు మడతలుగా వచ్చే అవిచ్ఛిన్న కాగితంపై అచ్చువేసే లైన్ ప్రింటర్‌కు ఈ అక్షరం అందితే మిగిలిన కాగితం వదిలేసి తర్వాతి ఫారం పైభాగానికి జరుగుతుంది. 11 అంగుళాల ఫారంలో అంగుళానికి 6 వరసల చొప్పున 66 వరసలు పడతాయి. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలను ప్రకటించే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు ఈ పద్ధతిని చాలాకాలం పాటించాయి: పేజీకి గరిష్ఠంగా 58 వరసలు, వరసకు 72 అక్షరాలు, పేజీ చివర ఒక ఫార్మ్ ఫీడ్. 2016లో ప్రకటించిన కొత్త విధానంతో వాటి మూలప్రతి ఎక్స్‌ఎంఎల్‌కు మారింది, పేజీ విభజన తప్పనిసరి కాకుండా పోయింది.

1964లో జెరోమ్ సాల్ట్‌జర్ ఎంఐటీలో రాసిన రనాఫ్, దాని బాటలో యూనిక్స్‌లో వచ్చిన ట్రాఫ్ పాఠం మధ్యలోనే చుక్కతో మొదలయ్యే ఆదేశాలు రాసే పద్ధతిని తెచ్చాయి. ట్రాఫ్‌లో ‘బీపీ’ ఆదేశం కొత్త పేజీని మొదలుపెడుతుంది. ‘ఎన్‌ఈ’ ఆదేశం ఇంకొంచెం తెలివైనది: ఇన్ని వరసల చోటు మిగిలి ఉంటే ఇక్కడే కొనసాగు, లేకుంటే పేజీ మార్చు అంటుంది. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌లోనూ చుక్క తర్వాత ‘పీఏ’ అని రాస్తే పేజీ మారేది.

డొనాల్డ్ నూత్ రూపొందించిన అక్షరకూర్పు వ్యవస్థ టెక్ ఈ విషయాన్ని లెక్కగా మార్చింది. పేజీ తెగగల ప్రతి చోటుకూ ఒక పెనాల్టీ ఉంటుంది. అది 10000 అయితే అక్కడ పేజీని తెంచరాదు, మైనస్ 10000 అయితే తెంచి తీరాలి. మధ్య విలువలు ఇష్టానిష్టాలను తెలుపుతాయి. సాధారణ టెక్‌లో ఆర్ఫన్‌కూ విడోకూ చెరి 150 పెనాల్టీ. టెక్ ఒక పేరాలోని వరసలన్నిటినీ ఒకేసారి బేరీజు వేసి విరుస్తుంది గానీ, పేజీల విషయంలో మాత్రం ఒక్కో పేజీని విడిగా తేల్చుకుంటూ పోతుంది. నూత్ శిష్యుడు మైకేల్ ప్లాస్ 1981లో స్టాన్‌ఫర్డ్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథం పుస్తకం మొత్తానికి అత్యుత్తమ పేజీ విభజనను పరిశీలించింది. బొమ్మలను, వాటిని ప్రస్తావించే పాఠానికి దగ్గరగా ఉంచాలన్న షరతును కొన్ని రూపాల్లో పెడితే ఆ లెక్క అసాధారణంగా కఠినమవుతుందని అది చూపింది.

తర్వాతి దశాబ్దాల్లో విరుపు పాఠంలోని ఆదేశంగా కాక, శైలికి చెందిన గుణంగా మారుతూ వచ్చింది. వెబ్ పేజీల శైలిభాష సీఎస్‌ఎస్ 1998 నాటి రెండో స్థాయి, ఎక్స్‌ఎంఎల్ పత్రాల పేజీ రూపానికి వాడే 2001 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్-ఎఫ్‌ఓ ఈ మార్గంలోవే.

ఫార్మాట్లలో విరుపు రూపాలు

మైక్రోసాఫ్ట్ 1987లో తెచ్చిన ఆర్‌టీఎఫ్‌లో ‘పేజ్’ అనే ఒక్క ఆదేశపదం చాలు. వర్డ్ ఇప్పుడు వాడే డాక్స్ ఫైల్, అంటే 2006లో ఎక్మా ప్రమాణంగా, 2008లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చిన ఆఫీస్ ఓపెన్ ఎక్స్‌ఎంఎల్‌లో, ఒకే ఫలితాన్నిచ్చే దారులు మూడున్నాయి. పేరా లోపల ఎక్కడైనా ‘బ్రేక్’ మూలకం పెట్టి దాని రకాన్ని పేజీ అని చెప్పవచ్చు. పేరాకు గానీ దాని శైలికి గానీ ‘పేజ్‌బ్రేక్ బిఫోర్’ గుణం ఇవ్వవచ్చు. సెక్షన్‌ను ముగించి, తర్వాతి సెక్షన్ కొత్త పేజీలో, సరి పేజీలో లేదా బేసి పేజీలో మొదలవ్వాలని చెప్పవచ్చు.

నాలుగోది కూడా ఒకటి కనిపిస్తుంది గానీ అది అసలు విరుపే కాదు. ‘లాస్ట్ రెండర్డ్ పేజ్‌బ్రేక్’ అనే మూలకాన్ని వర్డ్ ఫైల్‌ను భద్రపరిచేటప్పుడు తనంతట తాను రాసుకుంటుంది. కిందటిసారి తెరపై లెక్కవేసినప్పుడు పేజీ ఇక్కడ మారిందన్న జ్ఞాపిక మాత్రమే అది. దీన్ని హార్డ్ బ్రేక్‌గా పొరబడిన మార్పిడి ప్రోగ్రామ్ ప్రతి పేజీనీ బలవంతంగా తెంచేస్తుంది. కొత్త ఫార్మాట్‌లో ఫాంట్ కాస్త పెద్దదైతే చాలు, నిండు పేజీ తర్వాత రెండు మూడు వరసలున్న పేజీ, మళ్లీ నిండు పేజీ, మళ్లీ రెండు మూడు వరసలు. వేరే ప్రోగ్రామ్ తయారుచేసిన డాక్స్‌లో ఈ జ్ఞాపిక ఉండకపోవచ్చు. కాబట్టి దీన్ని నమ్ముకుని పేజీలు లెక్కించడమూ నిలకడైన పద్ధతి కాదు.

2006లో ఐఎస్ఓ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్, అంటే లిబ్రేఆఫీస్ వాడే ఓడీఎఫ్, మరో దృష్టితో రూపొందింది. అందులో పేరా మధ్యలో పెట్టే హార్డ్ బ్రేక్ మూలకం లేదు. ‘బ్రేక్ బిఫోర్’, ‘బ్రేక్ ఆఫ్టర్’ అనేవి పేరా శైలి గుణాలు. అందువల్ల వర్డ్ పేరా నడుమ ఉన్న బ్రేక్‌ను తెచ్చుకోవాలంటే ఆ పేరాను రెండుగా చీల్చాలి. చీల్చినప్పుడు రెండో ముక్కకు మొదటి వరస జరుపు, పేరాకు ముందుండే ఎడం, క్రమసంఖ్య మళ్లీ రాకుండా చూడాలి. సాఫ్ట్ బ్రేక్‌కు ఓడీఎఫ్‌లో స్పష్టమైన పేరుతో విడి మూలకం ఉంది, గందరగోళానికి తావు తక్కువ.

హెచ్‌టీఎంఎల్‌లో పేజీ అన్న భావనే లేదు. ఆ పని సీఎస్‌ఎస్‌ది. పాత ‘పేజ్-బ్రేక్-బిఫోర్’ కుటుంబం స్థానంలో ఇప్పుడు ‘బ్రేక్-బిఫోర్’, ‘బ్రేక్-ఆఫ్టర్’, ‘బ్రేక్-ఇన్‌సైడ్’ గుణాలు వచ్చాయి. పాత పేర్లూ చెల్లుతాయి. ఆర్ఫన్, విడో వరసల కనీస సంఖ్య విడిగా చెప్పకపోతే 2. మార్క్‌డౌన్‌లో పేజీ విరుపుకు గుర్తే లేదు. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ వీటన్నిటికీ ఎదురు కొస. అందులో పేజీలు తప్ప మరేమీ లేవనవచ్చు: ప్రతి పేజీ ఒక విడి వస్తువు, దానిపై ఏ అక్షరరూపం ఏ స్థానంలో పడాలో చెప్పే ఆదేశాలు. పాఠం ఒక పేజీ నుంచి మరో పేజీకి ప్రవహిస్తుందన్న సమాచారం సాధారణ పీడీఎఫ్‌లో ఉండదు.

ఈపబ్ మధ్యస్థం. పుస్తకంలోని ఒక్కో అంతర్గత ఫైల్ చదివే పరికరంలో కొత్త తెరతో మొదలవుతుంది. అందుకే చాలా ప్రోగ్రామ్‌లు హార్డ్ బ్రేక్ ఉన్న చోట ఫైల్‌నే విడగొడతాయి. పాత కిండిల్ మోబీ ఫార్మాట్‌కు తనదంటూ విడి పేజ్‌బ్రేక్ ట్యాగ్ ఉండేది.

సెక్షన్లు, పేజీ లక్షణాలు

విరుపుతో పాటు పేజీ స్వభావం కూడా మారినప్పుడు మార్పిడి మరింత చిక్కుపడుతుంది. నిలువు పేజీల మధ్య ఒక అడ్డ పేజీ, ముందుమాటకు రోమన్ అంకెలు, అసలు పుస్తకానికి 1 నుంచి లెక్క, అధ్యాయానికో శీర్షపట్టీ ఇలాంటివి. వర్డ్‌లో ఈ లక్షణాలు సెక్షన్‌వి. ఒక సెక్షన్ లక్షణాలన్నీ ఆ సెక్షన్ చివర నమోదవుతాయి. ఓడీఎఫ్‌లో ఇవి పేజీ శైలివి, కొత్త శైలితో మొదలయ్యే మొదటి పేరా ఆ శైలి పేరును మోస్తుంది. ఒక ఫార్మాట్ పోయేటప్పుడు చెబుతుంది, మరొకటి వచ్చేటప్పుడు చెబుతుంది. వర్డ్‌లో సెక్షన్ బ్రేక్‌ను చెరిపేస్తే పైనున్న పాఠం కింది సెక్షన్ అంచులను, శీర్షపట్టీని తీసుకోవడానికి కారణం ఇదే. తెలియనివారికి ఇది ప్రోగ్రామ్ లోపంలా తోస్తుంది.

అధ్యాయాలు కుడి పేజీలోనే మొదలవ్వాలన్న అచ్చు సంప్రదాయాన్ని వర్డ్ బేసి పేజీ సెక్షన్‌తో, లేటెక్ ‘క్లియర్ డబుల్ పేజ్’ ఆదేశంతో, సీఎస్‌ఎస్ ‘రెక్టో’ విలువతో తెలుపుతాయి. అవసరమైతే మధ్యలో ఒక ఖాళీ పేజీ పుడుతుంది. ఆ ఖాళీ పేజీని పాఠంలో భాగంగా తీసుకుని ఈ-పుస్తకంలోకి ఎక్కించడం తరచు జరిగే తప్పు.

మార్పిడి జరిగే తీరు

మార్పిడి ప్రోగ్రామ్‌లు చాలావరకు మూల ఫైల్‌ను చదివి ముందు తమ అంతర్గత నిర్మాణంలోకి తెచ్చుకుంటాయి, దానినుంచి కొత్త ఫార్మాట్ రాస్తాయి. అంతర్గత నిర్మాణంలో చోటు లేనిది రెండో వైపు చేరదు. తత్త్వశాస్త్ర ఆచార్యుడు జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన పాన్‌డాక్ దీనికి మంచి ఉదాహరణ. శీర్షిక, పేరా, జాబితా, పట్టిక, ఉల్లేఖనం అన్నిటికీ దాని నమూనాలో స్థానం ఉంది, పేజీ బ్రేక్‌కు లేదు. పాఠం అర్థాన్ని మోయడమే లక్ష్యంగా పెట్టుకున్న సాధనం కాబట్టి ఇది తెలిసి చేసిన ఎంపిక. బ్రేక్ తప్పనిసరి అయినవారు గమ్య ఫార్మాట్ ఆదేశాన్ని ముడిరూపంలో చొప్పిస్తారు, లేదా లూవా ఫిల్టర్‌తో ఒకే గుర్తును లేటెక్‌కు ఒకలా, డాక్స్‌కు ఒకలా, హెచ్‌టీఎంఎల్‌కు ఒకలా మారుస్తారు.

ఈ-పుస్తకాల ప్రోగ్రామ్ కాలిబర్ దీనికి భిన్నం. మూలంలో బ్రేక్ ఉన్నా లేకున్నా మొదటి, రెండో స్థాయి శీర్షికల ముందు తానే బ్రేక్ పెడుతుంది. నియమాన్ని ఎక్స్‌పాత్ భాషలో మార్చుకోవచ్చు. అధ్యాయాలను గుర్తించే దాని మొదటి అమరిక మాత్రం శీర్షికలో ఛాప్టర్, పార్ట్, సెక్షన్ లాంటి ఆంగ్ల పదాలను వెతుకుతుంది. ‘ప్రకరణం’, ‘ఆశ్వాసం’, ‘అధ్యాయం’ అని ఉన్న తెలుగు పుస్తకంలో ఆ వెతుకులాటకు ఏమీ దొరకదు, నియమంలో ఆ పదాలను చేర్చుకోవాలి.

రెండు బ్రేక్‌లు పక్కపక్కన పడినప్పుడు ఫార్మాట్లు ఒకేలా ప్రవర్తించవు. ఒక భాగం చివర ‘ఆఫ్టర్’, మరుసటి భాగం మొదట ‘బిఫోర్’ ఉంటే సీఎస్‌ఎస్ రెండింటినీ ఒకే విరుపుగా తీసుకుంటుంది. వర్డ్‌లో వరుసగా రెండు బ్రేక్ అక్షరాలుంటే మధ్యలో ఖాళీ పేజీ వస్తుంది. శీర్షిక శైలిలోనే విరుపు ఉన్నా, అలవాటుకొద్దీ దాని ముందు కంట్రోల్-ఎంటర్ నొక్కిన పత్రాలు ఎన్నో. మార్పిడిలో ఇలాంటి జంటలను పట్టుకుని ఒకటిగా కలపడం మేలు. కొత్త పేజీ కోసం ఎంటర్ మీటను పదేపదే నొక్కి ఖాళీ పేరాలు పేర్చిన పత్రాలైతే ఇంకా ఇబ్బంది. వాటిలో రచయిత ఉద్దేశం ఉంది గానీ దానికి గుర్తు లేదు. వరుసగా అనేక ఖాళీ పేరాలు, వెంటనే శీర్షిక కనిపిస్తే అక్కడ హార్డ్ బ్రేక్ అనుకోవాలా వద్దా అన్నది మనిషి చూసి తేల్చవలసిన విషయం.

సాఫ్ట్ బ్రేక్‌ల విషయంలో నియమం సులభం: వాటిని మోసుకుపోకూడదు, గమ్య ప్రోగ్రామ్‌ను మళ్లీ లెక్కవేయనివ్వాలి. లెక్క తేడా వస్తుంది. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. అమెరికా లెటర్ కాగితం సుమారు 216 వెడల్పు, 279 పొడవు. అమెరికాలో తయారైన పత్రాన్ని ఇక్కడ తెరిస్తే విరుపులన్నీ జరగడానికి ఇదొక్కటే చాలు. మూల ఫాంట్ లేకపోతే బదులు వచ్చే ఫాంట్ వెడల్పు, ఎత్తు వేరుగా ఉండటం రెండో కారణం. 2007లో రెడ్ హ్యాట్ విడుదల చేసిన లిబరేషన్ ఫాంట్లు టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్, కొరియర్ న్యూ అక్షరాల వెడల్పులతో సరిగ్గా సరిపోయేలా తయారైనవి. లినక్స్‌లో తెరిచినా వరసలు, పేజీలు కదలకుండా ఉండాలన్నదే వాటి ఉద్దేశం. తెలుగు అక్షరాలు వాటిలో లేవు.

పీడీఎఫ్ నుంచి వెనక్కి

పేజీలు లేని ఫార్మాట్ నుంచి పేజీలున్నదానికి వెళ్లడం కన్నా పీడీఎఫ్ నుంచి వెనక్కి రావడం చాలా కష్టం. అక్కడ అన్ని విరుపులూ ఒకేలా కనిపిస్తాయి. ఏది రచయిత కోరినదో, ఏది కాగితం నిండి వచ్చినదో ఊహించాలి. పేజీ సగం నిండగానే పాఠం ఆగి, తర్వాతి పేజీ పెద్ద అక్షరాల శీర్షికతో మొదలైతే అది హార్డ్ బ్రేక్. చివరి వరస అంచు దాకా నిండి, వాక్యాంత బిందువు లేకుండా ముగిసి, తర్వాతి పేజీ మొదటి వరస జరుపు లేకుండా మొదలైతే అది ఒకే పేరా, కలపాలి. ఈ రెండింటికీ మధ్య పడే కేసులే పొరపాట్లకు మూలం: సరిగ్గా పేజీ చివరే పేరా ముగిసిన చోట ఊహకు ఆధారం దొరకదు.

కలపడానికి ముందు శీర్షపట్టీ, పాదపట్టీ, పేజీ నంబర్లు తీసేయాలి. అనేక పేజీల్లో ఒకే ఎత్తున పునరావృతమయ్యే పాఠాన్ని, ఒక్కొక్కటి చొప్పున పెరిగే అంకెను గుర్తించి ఈ పని చేస్తారు. పాదసూచికలు ఇంకో అడ్డంకి: పేరా పేజీ అడుగున ఆగి, సూచిక దాటి తర్వాతి పేజీలో కొనసాగుతుంది, కలిపేటప్పుడు సూచిక వాక్యం మధ్యలోకి వచ్చి పడుతుంది. పట్టిక రెండు పేజీలకు సాగితే రెండో పేజీలో మళ్లీ వచ్చిన తలవరసను సమాచారంగా లెక్కించే ప్రమాదం ఉంది. ఓటర్ల జాబితాలు, పరీక్షా ఫలితాలు, బడ్జెట్ పద్దుల పీడీఎఫ్‌లను స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చేవారికి ఇది తెలిసిన బాధే.

ట్యాగులున్న పీడీఎఫ్‌లో ఈ ఊహాగానం చాలావరకు తగ్గుతుంది. దానిలోని నిర్మాణ వృక్షంలో ఒకే పేరా మూలకం రెండు పేజీల్లోని ముక్కలనూ పట్టుకుని ఉంటుంది. శీర్షపట్టీలు, పేజీ నంబర్లు పాఠం కావని విడిగా ముద్ర వేసి ఉంటాయి. వర్డ్ నుంచి పీడీఎఫ్ చేసేటప్పుడే ట్యాగులు ఉంచమని ఎంచుకుంటే, రేపు దాన్ని వెనక్కి తేవలసినవారికి ఎంతో శ్రమ తప్పుతుంది.

సాదా పాఠం, 12వ అక్షరం

పీడీఎఫ్ నుంచి సాదా పాఠం తీసే పీడీఎఫ్-టు-టెక్స్ట్ సాధనం ప్రతి పేజీ చివర ఆస్కీ 12వ అక్షరాన్ని ఉంచుతుంది. వద్దంటే ఆపే ఎంపికా ఉంది. ఉంచుకోవడమే మంచిది: పేజీల వారీగా పాఠాన్ని విడగొట్టడానికి అదొక్కటే నమ్మకమైన ఆనవాలు. అయితే ఈ అక్షరాన్ని యథాతథంగా ఎక్స్‌ఎంఎల్‌లోకి పంపితే ఫైల్ చెల్లదు. ఎక్స్‌ఎంఎల్ 1.0 నియంత్రణ అక్షరాల్లో టాబ్, వరస మార్పు, క్యారేజ్ రిటర్న్ మూడింటినే ఒప్పుకుంటుంది. డాక్స్, ఓడీఎఫ్, ఈపబ్ మూడింటి లోపలా ఉండేది ఎక్స్‌ఎంఎలే కాబట్టి, దాగిన ఒక్క ఫార్మ్ ఫీడ్ వల్ల పుస్తకం మొత్తం తెరుచుకోకపోవచ్చు. హెచ్‌టీఎంఎల్ దాన్ని మామూలు ఖాళీగా చూసి వదిలేస్తుంది, విరుపు మాయమవుతుంది.

తెలుగుకు ఈ 12తో ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు కేటాయించిన సంఖ్యలు 3072 నుంచి 3199 వరకు. వాటిలో దేన్ని 256తో భాగించినా భాగఫలం 12. యూటీఎఫ్-16 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ రెండు బైట్లు, వాటిలో ఒకటి ఎప్పుడూ 12. ‘అ’ సంఖ్య 3077, అంటే బైట్లు 12, 5. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అన్న ఎంపికతో భద్రపరిచిన ఫైళ్లు ఈ పద్ధతివే. అలాంటి ఫైల్‌ను బైట్‌కో అక్షరంగా చదివే పాత ప్రోగ్రామ్‌కు ఇస్తే తెలుగు అక్షరం ఒక్కొక్కటికీ ఒక పేజీ విరుపు కనిపిస్తుంది. కన్నడ అక్షరాల సంఖ్యలు 3200 నుంచి 3327 వరకు కాబట్టి ఆ భాషకూ ఇదే పరిస్థితి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు బైట్లు, వాటిలో 12 రాదు. మార్పిడికి ముందు పాఠాన్ని యూటీఎఫ్-8లోకి తెచ్చుకోవడానికి ఇదొక గట్టి కారణం.

తెలుగు పాఠాల్లో పేజీ విరుపు

గుడి, ఏత్వం తలపైన, వత్తులు పాదం కింద ఉండే లిపి కాబట్టి తెలుగు వరసకు ఎక్కువ ఎత్తు కావాలి. తెలుగు ఫాంట్లు ఆ ఎత్తును ఒక్కోటి ఒక్కోలా ప్రకటిస్తాయి. గౌతమి బదులు నిర్మల వచ్చినా, పోతన బదులు నోటో వచ్చినా పేజీలో పట్టే వరసల సంఖ్య మారవచ్చు. విరుపులు కదలకూడదని వరస ఎడాన్ని కచ్చితమైన కొలతకు బిగిస్తే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి చోట్ల కింది వత్తులు తెగిపోవచ్చు. పేజీ కదిలినా ఫరవాలేదు గానీ అక్షరం తెగకూడదు. అందువల్ల మార్పిడిలో ఫాంట్‌ను పత్రంలోనే పొదగడం, వరస ఎడాన్ని గుణకంగా ఉంచడం తెలుగుకు తగిన పద్ధతి.

తెలుగు ప్రచురణలో దశాబ్దాలపాటు పేజీల కూర్పు ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో యూనికోడేతర ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు వేలల్లో ఉంటాయి. పేజ్‌మేకర్‌లో పాఠం ఒక చట్రం నుంచి మరో చట్రానికి గొలుసుగా పారుతుంది. పేజీ చివర పాఠంలో గుర్తేమీ ఉండదు, చట్రం నిండటమే విరుపు. కథనాన్ని బయటికి తీసి యూనికోడ్‌లోకి మారిస్తే పేజీ సరిహద్దులు ఒక్కటీ రావు. పాత పేజీ సంఖ్యలు కావాలంటే అచ్చుప్రతిని పక్కన పెట్టుకుని చేత్తో గుర్తులు పెట్టుకోవలసిందే.

పద్యాలకు విరుపు నియమాలు మరీ ముఖ్యం. నాలుగు పాదాల పద్యాన్ని రెండేసి వరసలుగా చీల్చడానికి ఆర్ఫన్, విడో నియమాలు అడ్డుచెప్పవు, వాటి కనీస సంఖ్య 2 కాబట్టి. పద్యం విడిపోకూడదంటే వరసలను కలిపి ఉంచే నియమం విడిగా ఇవ్వాలి. సీస పద్యం పాదాలు, దాని తర్వాత తప్పక వచ్చే తేటగీతి లేదా ఆటవెలది వేర్వేరు పేరాలుగా ఉంటే, మొదటిదానికి తర్వాతి పేరాతో కలిసి ఉండే గుణం కూడా కావాలి. ‘చ.’, ‘ఉ.’ అన్న గుర్తు విడి పేరాగా ఉన్నప్పుడూ అంతే. ప్రతిపదార్థం, తాత్పర్యం పొడవుగా ఉంటాయి గనుక వాటిని తెగనివ్వవచ్చు, శీర్షికను మాత్రం వాటి నుంచి విడదీయరాదు.

వికీసోర్స్‌లో స్కాన్ చేసిన పుస్తకం ఒక్కో పేజీ ‘పుట’ పేరుబరిలో విడి పేజీగా ఉంటుంది. అధ్యాయాన్ని కూర్చేటప్పుడు పుటల మధ్య ఒక ఖాళీ ఉంచి కలుపుతారు. పుట చివర హైఫన్ ఉంటే దాన్ని తీసి పదాన్ని అతుకుతారు. చాలా పాత తెలుగు పుస్తకాల్లో పదాన్ని హైఫన్ లేకుండానే విరిచారు. అక్కడ యాంత్రికంగా కలిపితే పదం మధ్యలో ఖాళీ చేరి రెండు అర్థరహితమైన ముక్కలవుతాయి. సంధులు, సమాసాలతో పదాలు పొడవుగా సాగే భాషలో ఏది ముక్కో ఏది పదమో ప్రోగ్రామ్ తేల్చలేని సందర్భాలు ఎక్కువ, దిద్దుబాటు చేసేవారే చూసి కలపాలి.

ఆధార పేజీలు, అందుబాటు

పేజీ సంఖ్యతో ఉదహరించడం న్యాయస్థానాల్లో, పరిశోధనలో, తరగతి గదిలో నడిచే పద్ధతి. అచ్చుపుస్తకం ఈ-పుస్తకమైనప్పుడు ఆ సంఖ్యలు పోతే రెండు ప్రతుల పాఠకులకు ఉమ్మడి చిరునామా ఉండదు. ఇందుకోసం ఈపబ్ 3లో అచ్చు పేజీ మొదలైన చోట కంటికి కనిపించని గుర్తు ఉంచి, పేజీల జాబితాను విడిగా ఇచ్చే ఏర్పాటు ఉంది. పండిత పరిష్కరణల్లో వాడే టీఈఐ పద్ధతిలో ఇదే పనికి ‘పీబీ’ అనే శూన్య మూలకం ఉంది. పేరా ఒక పేజీలో మొదలై మరో పేజీలో ముగుస్తుంది కాబట్టి పేజీని పేరా చుట్టూ, పేరాను పేజీ చుట్టూ పెట్టెల్లా అమర్చలేరు. అందుకే పేజీని పెట్టెగా కాక దారిలో పాతిన మైలురాయిగా రాస్తారు.

చూపులేని విద్యార్థికి ఈ గుర్తులు విలాసం కాదు. 47వ పేజీ తీయమని ఉపాధ్యాయురాలు అన్నప్పుడు తోటివారితో పాటు ఆ చోటికి చేరడానికి వేరే మార్గం లేదు. అచ్చు చదవలేనివారికి అనువైన ప్రతులు తయారుచేసుకునే వీలు కల్పించే మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కన్నా ముందు ఆమోదించినది భారతదేశం. 2016లో సుగమ్య పుస్తకాలయ పేరుతో అలాంటి ప్రతుల ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. ఇలాంటి ప్రతుల కోసం స్కాన్ నుంచి పాఠం తీసేటప్పుడు పేజీ నంబర్‌ను పాఠంలోంచి తొలగించాలి, గుర్తుగా మాత్రం నిలపాలి. తొలగించకపోతే తెర చదివే సాఫ్ట్‌వేర్ వాక్యం మధ్యలో ఆ అంకెను చదువుతుంది. నిలపకపోతే చిరునామా పోతుంది.

పరిశీలన

మార్పిడి తర్వాత మొత్తం పేజీల సంఖ్య సరిపోయిందని చూడటం చాలదు. ఒక చోట పెరిగిన పేజీని మరో చోట తగ్గినది కప్పిపుచ్చుతుంది. మూలంలోని హార్డ్ బ్రేక్‌లు, సెక్షన్లు, శైలిలోని విరుపు గుణాలను విడివిడిగా లెక్కించి, గమ్యంలోని వాటితో పోల్చడం నిలకడైన పద్ధతి. డాక్స్ ఫైల్ నిజానికి జిప్ కట్ట కాబట్టి దాన్ని విప్పి లోపలి డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్‌ను నేరుగా వెతకవచ్చు. ఆ తర్వాత కంటితో చూడవలసినవి: అధ్యాయాల మొదళ్లు, పట్టికలు సాగిన పేజీలు, అడ్డ పేజీలకు ముందూ వెనుకా ఉన్న శీర్షపట్టీలు, పద్యాలు, పాదసూచికలు. విషయసూచికలోని పేజీ సంఖ్యలు ఫైల్‌లో నిలవ ఉన్న పాత విలువలు కావచ్చు. పేజీలు స్థిరపడ్డాక వాటిని తాజా చేయాలి, ఈపబ్‌లోనైతే వాటి స్థానంలో లంకెలు ఉండాలి. అనుక్రమణికకూ ఇదే వర్తిస్తుంది: అందులోని సంఖ్యలు అచ్చుప్రతివైతే వాటిని మార్చకుండా, ఆధార పేజీ గుర్తులకు కలపాలి.